మీటర్ ముల్లులు ఉండుండి పడిపోతుంటే: ఎర్త్ వెతకాలా, బోర్డు బాగుచేయించాలా, వేరే మీటర్ కొనాలా?

కర్నూలులో బయలుదేరినప్పుడు అరట్యాంకు చూపించిన పెట్రోల్ ముల్లు ఓర్వకల్లు దాటేసరికి అడుగుకు పడిపోతుంది. కాసేపటికి తనే లేస్తుంది. పాత బండిలో పూర్తిగా చచ్చిపోయిన మీటర్ కంటే ఇలా వచ్చిపోయే తెగులే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. మెకానిక్ ముందు నిలబెట్టగానే అన్నీ చక్కగా పనిచేస్తాయి కదా! అందుకే చాలా చోట్ల వినపడే మాట ఒకటే: “మీటర్ మార్చేద్దాం అన్నా, గొడవ ఉండదు.” నా దృష్టిలో అది ఆఖరున చేయాల్సిన పని. ముందు ఎర్త్ (కరెంటు బండి బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి), కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) చూడాలి. అవి బాగుంటే మీటర్ వెనక ఉండే సర్క్యూట్ బోర్డు విప్పాలి. అదీ పనికిరాదని తేలితేనే వేరే మీటర్ కోసం, పాత సామాన్లు అమ్మే గుజిరీ అంగడి వైపు పోవాలి.

ఏది ముందో తేల్చడానికి పానా కంటే పరిశీలన ఎక్కువ ఉపయోగపడుతుంది. ముల్లులన్నీ ఒకేసారి పడితే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి: ఫ్యూజ్, తాళం స్విచ్ నుంచి వచ్చే లైను, మీటర్ ఎర్త్. పెట్రోల్ ముల్లు ఒక్కటే ఆడుతుంటే ట్యాంకులో పెట్రోల్ మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్, దాని వైరు చూడాలి. పెట్రోల్, టెంపరేచర్ రెండూ కలిసి తప్పు చూపిస్తుంటే, ముల్లులు నెమ్మదిగా లేచే పాత రకం మీటర్లలో ఆ రెండింటికీ కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న రెగ్యులేటర్ చెడి ఉండవచ్చు. దానికి ఎర్త్ అందకపోయినా రెండూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తాయి. స్పీడ్ ముల్లు మాత్రమే వణుకుతుంటే, కేబుల్ ఉన్న బండిలో ఆ కేబుల్ ఎండిపోయిందో, ఎక్కడో మడత పడిందో చూడాలి. దానికి వైరింగ్ అంతా విప్పనక్కర్లేదు.

ఎర్త్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. తక్కువ ఖర్చుతో ఎక్కువసార్లు దొరికే తప్పు అదే. రాత్రిపూట ఇంజన్ ఆన్‌లో ఉంచి హెడ్‌లైట్లు వేయండి, బ్లోయర్ తిప్పండి, ఇండికేటర్ వేయండి. ఇండికేటర్ టిక్కుటిక్కుకు తగ్గట్టు పెట్రోల్ ముల్లు కూడా ఊగుతుంటే, లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు జరుగుతుంటే, ఎర్త్ బలహీనంగా ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఆ తర్వాత మల్టీమీటర్ పట్టుకోవాలి. ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టి చూస్తే లాభం లేదు. పది పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా అది బాగుందనే చూపిస్తుంది. లోడ్ మీద, అంటే కరెంటు వాడుకుంటున్నప్పుడు, వోల్టేజ్ చూడాలి. నల్ల కడ్డీ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర కడ్డీ మీటర్ ఎర్త్ వైరు మీద పెట్టి, లైట్లు అన్నీ వేసి చూడండి. 0.2 వోల్టుల లోపు ఉంటే సరే. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో తుప్పు ఉంది. ఆ ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింట్, తుప్పు గీకి, కొత్త రింగు టెర్మినల్ వేసి గట్టిగా బిగించి, పైన కాస్త వ్యాసలిన్ రాస్తే చాలు. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని కూడా అప్పుడే చూడండి. పనంతా కలిపి వందల్లో అయిపోతుంది.

కప్లర్లు దాని తర్వాత. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు దుమ్ములో తిరిగే బండ్ల కప్లర్లలో సన్నటి పొడి పేరుకుంటుంది. గతుకుల్లోనే ముల్లు పడుతుంటే ఇక్కడే చూడాలి. బ్యాటరీ మైనస్ తీసేసి, మీటర్ వెనక కప్లర్ ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, వదులైన పిన్నులు బిగించాలి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే మాత్రం పెద్ద ఫ్యూజ్ వేయించుకోవద్దు. అసలు తప్పు అలాగే ఉండిపోతుంది, కాలేది వైరింగ్.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తెగులు పోలేదంటే, ముఖ్యంగా ఎండలో నిలబెట్టిన బండిలోనే వస్తుంటే, బోర్డు బాగుచేయించడం మేలు. మే నెలలో అనంతపురంలో అద్దాలు మూసి ఎండకు వదిలిన బండి డ్యాష్‌బోర్డ్ 70 డిగ్రీలు దాటుతుంది. రాత్రికి చల్లబడుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగి, ముడుచుకుని, కప్లర్ పిన్నుల చుట్టూ సోల్డరింగ్ ఉంగరంలా చీలుతుంది. మామూలు చూపుకు కనపడదు, భూతద్దం కావాలి. పాత సోల్డర్ పీల్చేసి, ఫ్లక్స్ రాసి, కొత్తది వేయించాలి. టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే మంచి చేతికి ఇది తెలిసిన పనే. ఒక జాగ్రత్త: కొన్ని పాత మీటర్ల వెనక గట్టి బోర్డు ఉండదు, రాగి గీతలున్న పలుచని ప్లాస్టిక్ షీట్ ఉంటుంది. దాని మీద వేడి కడ్డీ పెడితే కరిగిపోతుంది. అలాంటివాటికి గీతలు శుభ్రం చేయడం, తెగినచోట బయటి వైరుతో కలపడమే దారి. పని ఇచ్చేముందే ఆ మనిషికి ఏ రకమో చూపించి అడగండి.

గుజిరీ మీటర్ ఎందుకు ఆఖరిది? అది కూడా మీ బండి వయసుదే, అదే ఎండలో కాగినదే. ఈ రోజు బాగున్నా రేపు అదే చీలిక రావచ్చు. పైగా కిలోమీటర్ల అంకె మారిపోతుంది. అమ్మేటప్పుడు కొనేవాడికి ఆ సంగతి దాచడం మోసం. పాత అంకెను ఫొటో తీసి, మార్చిన తేదీతో బిల్లు ఉంచుకోవాలి. కొన్ని ఎలక్ట్రానిక్ మీటర్లలో తాళం కోడ్ కూడా మీటర్‌తో ముడిపడి ఉంటుంది. వేరేది పెడితే బండి స్టార్ట్ కాకపోవచ్చు. రాగి గీతలు కాలిపోయినా, డయల్ పగిలినా మాత్రం మార్చక తప్పదు. అప్పుడు అదే మోడల్, అదే ఇంజన్ రకం చూసి, కప్లర్ పెట్టి ముల్లులు లేచాకే డబ్బులివ్వండి.

ఏ దారి పట్టినా రెండు లైట్ల సంగతి ఆ రోజే తేలాలి. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకముందు ఆయిల్ లైటు, ఛార్జింగ్ లైటు వెలగాలి. ఆయిల్ లైటు వెలగకపోతే ప్రెషర్ పడిపోయినా మీకు తెలియదు. ఛార్జింగ్ లైటు ఇంకా చిత్రమైనది. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను మేల్కొలుపుతుంది. మీటర్‌లో లూజ్ కాంటాక్ట్ వల్ల అది అందకపోతే బ్యాటరీ ఛార్జ్ కాదు. జనం బ్యాటరీ మారుస్తారు, అదీ కొన్నాళ్లకు దిగిపోతుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉందో లేదో చూసుకోండి. టెంపరేచర్ ముల్లు నమ్మకంగా లేకపోతే ఎండాకాలంలో గుత్తి మీదుగా అనంతపురం దాకా ఆ బండి తీసుకుపోవద్దు, ముందు దాన్ని సరిచేయించండి.