స్టేజ్ త్రీ క్లచ్ కొనేముందు ఇది చదవండి, నా క్రాంక్ పోయింది

విజయవాడ, గుంటూరు సైడ్ టర్బో పెట్రోల్ బండ్లు రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చి పవర్ పెంచడం) చేయించుకుని తిరిగే అన్నలు తమ్ముళ్ళు అందరూ కాస్త ఆగి ఇది చదవండి, ముఖ్యంగా ఈ వారంలో క్లచ్‌కి అడ్వాన్స్ కడదామనుకునే వాళ్ళు.

నాది 1.8 టర్బో మాన్యువల్ సెడాన్, కంపెనీ నుంచి టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్లు, రీమ్యాప్ చేయించాక 330 దాకా వచ్చింది. అప్పట్నుంచి నాలుగో గేర్లో గట్టిగా తొక్కితే ఆర్పీఎం లేచిపోతుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది, అంటే క్లచ్ జారుతోంది. ఆటోనగర్లో ఒక పార్ట్స్ షాపుకి వెళ్తే "స్టేజ్ త్రీ వేసేయండి సార్, ఇక జన్మలో జారదు" అని 46 వేలు తీసుకుని గట్టి స్ప్రింగ్ ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఇంజన్ వెనకుండే ఫ్లైవీలు చక్రానికి నొక్కిపట్టేది), సిరామిక్ బటన్ల క్లచ్ ప్లేటు వేసిచ్చాడు. జారడం ఆగింది, అందులో అబద్ధం లేదు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజన్ అసలు ఇరుసు) మీద ఎంత లోడ్ పడుతుందో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు, అడగాలని నాకూ తెలీదు.

పెడల్ ఎంత గట్టిగా ఉందంటే సాయంత్రం పూట బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని వెళ్తే ఇంటికి చేరేసరికి ఎడమ పిక్క పట్టేసేది. ఆ మాట చెప్తే చిన్న బోర్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తోపుడుని ద్రవం ప్రెషర్‌గా మార్చేది) వేసి పెడల్ తేలిక చేశాడు. నేను సంబరపడిపోయి సిగ్నల్స్ దగ్గర గేర్లోనే ఉంచి క్లచ్ తొక్కిపట్టుకుని నిలబడడం మొదలుపెట్టా. ఇదే అసలు దెబ్బ. తేలికైంది నా కాలికే, అవతల, పెడల్ తొక్కినప్పుడు క్లచ్ విడిపించే రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటుని నెట్టే బలం ఒక్క గ్రాము కూడా తగ్గలేదు.

ఏడు నెలలు, 9 వేల కిలోమీటర్లు. రామవరప్పాడు రింగ్ దగ్గర ఆగినప్పుడు క్లచ్ తొక్కగానే ఐడ్లింగ్ 800 నుంచి 600కి పడిపోయేది. తర్వాత మలుపు గట్టిగా తిప్పితే ఆ వెంటనే పెడల్ వేరే ఎత్తులో పట్టేది. అదే షాపువాడు "రిలీజ్ బేరింగ్ సార్" అని ఇంకో మూడు వేలు లాగాడు.

చివరికి వేరే పెద్ద మేస్త్రి ఒకాయన చూశాడు. కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి క్లచ్ తొక్కరా అని, తను టార్చ్ పెట్టి ముందువైపు క్రాంక్ పుల్లీ చూపించాడు. తొక్కిన ప్రతిసారీ పుల్లీ బయటికొస్తోంది, వదిలితే లోపలికి పోతోంది, కంటికి కనపడేలా. డయల్ గేజ్ (సన్నని కదలిక కొలిచే మీటరు) పెడితే 1.2 మిల్లీమీటర్లు ఆడుతోంది. చాలా బండ్లకి 0.3 దాటితేనే మార్చాలంటారు, మీ ఇంజన్ లెక్క మాన్యువల్లో చూసుకోండి. సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దించితే ఆయిల్లో వెండి పొడి మెరుస్తోంది. క్రాంక్ ముందుకూ వెనక్కూ జరక్కుండా ఆపే థ్రస్ట్ వాషర్లలో గేర్‌బాక్స్ వైపుది లోపలి స్టీలు బయటపడేదాకా అరిగింది, రెండో వైపుది కొత్తదానిలా ఉంది. క్రాంక్ చెంప (ఆ వాషర్‌కి రాసుకునే ముఖం) మీద గోరు పెడితే గీతల్లో తట్టుకుంటోంది.

ఎందుకలా అంటే, క్లచ్ తొక్కకుండా ఉన్నప్పుడు ప్రెషర్ ప్లేటు బలమంతా ఫ్లైవీలుకీ దాని కవర్‌కీ మధ్యే తిరుగుతుంది, క్రాంక్ మీదికి రాదు. తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ మొత్తం క్రాంక్‌ని ముందుకు నెడుతుంది, ఆ తోపుడంతా ఆ చిన్న వాషర్లు కాయాలి. మెయిన్ బేరింగుల్లో షాఫ్ట్ గుండ్రంగా తిరుగుతూ ఆయిల్ని తనే కిందికి లాక్కుని తేలుతుంది, థ్రస్ట్ ముఖాలు చదునుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఆయిల్ పొర బాగా పల్చన. పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడైతే ఆ పొర కూడా ఉండదు. మా బండి క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అవుతుంది, అంటే రోజూ అంత గట్టి స్ప్రింగు లోడ్ ఎండు మెటల్ మీద. అమెరికాలో 1990ల మిత్సుబిషి ఎక్లిప్స్ వాళ్ళు దీంతోనే తలలు పట్టుకున్నారు, ఏడు బోల్టుల క్రాంక్ ఉన్న 4జీ63 ఇంజన్లు "క్రాంక్ వాక్"కి, అంటే క్రాంక్ ఇలా ముందుకూ వెనక్కూ ఆడడానికి, పేరుపడ్డాయి.

టార్క్ పట్టాలంటే స్ప్రింగు గట్టిది చేయడం ఒక్కటే దారి కాదు. పట్టు ఎక్కువ ఉన్న మెటీరియల్ ప్లేటు ఉంది, ట్విన్ ప్లేట్ ఉంది. ట్విన్ ప్లేట్లో రాసుకునే ముఖాలు రెండుకి బదులు నాలుగు, కాబట్టి అదే టార్క్‌కి దాదాపు సగం నొక్కుడు చాలు. రేటు ఎక్కువే, కానీ నాకు ఇంజన్ పని మొత్తం లక్షా 85 వేలయింది. షాపువాణ్ణి అడిగితే "మీ డ్రైవింగ్ సార్" అని చేతులు దులుపుకున్నాడు, క్లచ్ తొక్కిపట్టిన తప్పు నాదే కానీ అలా తొక్కిపట్టేలా పెడల్ మార్చిచ్చింది ఎవరు?

కాబట్టి "స్టేజ్" అనే మాట పట్టించుకోకండి, క్లాంప్ లోడ్ (ప్రెషర్ ప్లేటు నొక్కే బలం) కంపెనీ దానికంటే ఎంత ఎక్కువో అంకెలో చెప్పమనండి, చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. గేర్‌బాక్స్ దించకముందే డయల్ గేజ్ పెట్టించి క్రాంక్ ఎంత ఆడుతోందో రాయించుకోండి, బిగించాక మళ్ళీ పెట్టించండి, ఆ కాగితం దాచుకోండి, నా దగ్గర అదే లేకపోవడంతో గట్టిగా అడగలేకపోయా. సిగ్నల్లో న్యూట్రల్ చేసి కాలు తీసేయండి. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే బండైతే న్యూట్రల్లో స్టార్ట్ చేసి ఇంజన్ అందుకోగానే పెడల్ వదిలేయండి. ఇప్పటికే స్టేజ్ త్రీ వేయించుకున్నవాళ్ళు ఈ ఆదివారమే ఒకర్ని కూర్చోబెట్టి క్లచ్ తొక్కించి పుల్లీ చూసుకోండి, చేతులూ చొక్కా బెల్టుకి దూరంగా పెట్టుకుని. పుల్లీ కదిలినట్టు కనిపిస్తే ఇక బండి నడపొద్దు, టో చేయించండి. అరిగిన వాషర్లు నా డిక్కీలోనే పెట్టుకుని తిరుగుతున్నా, ఆటోనగర్ వైపొస్తే చెప్పండి, చేతికిస్తా.