మూడిల్ క్విజ్‌లో క్యాలిక్యులేటెడ్ ప్రశ్నలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రికల్ సర్క్యూట్స్ చెబుతాను. కరోనా కాలంలో మా కాలేజీలో మూడిల్ (పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టినప్పటి నుంచి నా సబ్జెక్టు సగం అందులోనే నడుస్తోంది. లాగిన్లు, పీడీఎఫ్‌లు ఎక్కించడం, అసైన్‌మెంట్ గడువులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చింది, ఒకసారి నన్ను బాగా ఏడిపించింది కూడా, ఒక్కటే: క్యాలిక్యులేటెడ్ ప్రశ్న.

ప్రశ్నలో 12 వోల్టులు అని రాయకుండా ఫ్లవర్ బ్రాకెట్లలో ఒక పేరు పెడతాం. ఆ పేరుకి ఎంత నుంచి ఎంత వరకు విలువలు రావచ్చో చెబితే అంకెల సెట్లు మూడిలే తయారుచేస్తుంది, ఒక ప్రశ్నకి 100 వరకు. జవాబు గడిలో అంకె బదులు సూత్రం రాస్తాం. క్విజ్ తెరిచిన వాళ్లకి వాటిలో ఏదో ఒక సెట్ పడుతుంది. సర్క్యూట్ ఒకటే, అంకెలు వేరు.

దీనికి ముందు క్విజ్ తెరిచిన కాసేపటికే జవాబులన్నీ వాట్సాప్ గ్రూపులో ఉండేవి. 'కాపీ కొడితే సున్నా' అని కోర్సు పేజీ మీద ఎర్ర అక్షరాల్లో పెట్టినా ఎవరూ పట్టించుకోలేదు. కెమెరా పెట్టి కాపలా కాయడం నాకు ఇష్టం లేదు. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే చోట పిల్లాడు పక్కకి చూశాడని అనుమానించడం అన్యాయం. మూడిల్ 3.9 నుంచి సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ (పరీక్ష అయ్యేదాకా వేరేవి తెరవనివ్వనిది) సెట్టింగులు క్విజ్‌లోనే ఉన్నాయి కానీ, ఆ బ్రౌజర్ విండోస్, మ్యాక్, ఐఫోన్, ఐప్యాడ్‌ల మీదే నడుస్తుంది. మా వాళ్ల చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు.

అంకెలు మారడం మొదలయ్యాక ఏమైందో ల్యాబ్ బయట వరండాలో నా చెవులతో విన్నాను. "నాకు 0.6 వచ్చింది, నీకెంత?" "నా అంకెలు వేరురా, నా ఆన్సర్ నీకెందుకు పనికొస్తుంది? లూప్ ఎటు తిప్పావో చూపించు." నోట్‌బుక్ తెరిచారు. లూప్ అంటే సర్క్యూట్ చుట్టూ తిరిగొచ్చే దారి; దాని వెంట వెళ్తూ ప్రతి వోల్టేజీకి ప్లస్సో మైనస్సో వేయాలి. "ఇదిగో, రెండో బ్యాటరీలోకి ప్లస్ వైపు నుంచి దిగుతున్నావు. ఇక్కడ మైనస్ పడాలి కదా, ప్లస్ ఎందుకు వేశావు?" బోర్డు మీద నేను ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి ఊరుకునే కుర్రాడు, స్నేహితుడు వేలు పెట్టి చూపించేసరికి ఆ లైను కొట్టేసి మళ్లీ రాశాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ తర్వాత ఎర్ర అక్షరాల నోటీసు తీసేశాను. దాని స్థానంలో పెట్టింది ఇది: పద్ధతి ఎంతసేపైనా మాట్లాడుకోండి, ఒకరికొకరు నేర్పుకోండి, మీ అంకెలతో లెక్క మాత్రం మీరే చేయండి. మామూలు పిల్లలు టెన్షన్ లేకుండా పాటించగలిగే నియమం అది. వాళ్లు పాటించారు.

ఇక ఏడిపించిన సంగతి. రెండు బ్యాటరీలు ఎదురెదురుగా ఉన్న లూప్‌లో కరెంటు ఎంత అనేది ప్రశ్న. ఒక అమ్మాయికి 12.5, 12.1 వోల్టులు, 6, 8 ఓమ్‌లు పడ్డాయి. వోల్టుల తేడా 0.4ని మొత్తం 14 ఓమ్‌లతో భాగిస్తే 0.02857. ఆమె 0.03 అని వేసింది. మూడిల్ తప్పు అంది. పక్క అమ్మాయికి రెండో బ్యాటరీ 4.1 పడింది. 8.4 బై 14, సరిగ్గా 0.6. రైట్ అంది. ఇద్దరిదీ ఒకే పద్ధతి. "ల్యాబ్‌లో కూడా రెండు దశాంశాలకే రాస్తాం కదా సార్, మరి నాదెలా తప్పవుతుంది?" అని ఫోన్ పట్టుకుని వచ్చింది. కళ్లనిండా నీళ్లు.

కారణం టాలరెన్స్, అంటే జవాబులో ఎంత తేడా వరకు ఒప్పుకోవాలన్న హద్దు. మూడిల్ దాన్ని మొదటే 'రిలేటివ్, 0.01' అని పెట్టి ఇస్తుంది, అంటే అసలు జవాబులో ఒక శాతం. జవాబు 0.02857 అయితే ఆ ఒక శాతం 0.0003 కూడా కాదు. 0.03 సంగతి అటుంచి, 0.029 వేసినా తప్పే. జవాబు సున్నాకి దగ్గరయ్యేకొద్దీ పిల్లల మీద కత్తి పదునెక్కుతుంది. ప్రశ్న తయారుచేసే పేజీలో ప్రతి సెట్ కిందా ఎంత నుంచి ఎంత వరకు ఒప్పుకుంటుందో చూపిస్తుంది, నిజమే. యాభై సెట్లు వరసగా ఉన్నప్పుడు వాటిలో ప్రమాదమైనది ఇది అని మాత్రం చెప్పదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడని లోపం. ఎవరినీ అడగకుండా తన లెక్క తాను చేసుకున్న పిల్లకే దెబ్బ తగిలితే, రేపు ఆమె నిజాయితీగా ఎందుకుండాలి?

సరిదిద్దే దారి మాత్రం బాగుంది. టాలరెన్స్‌ని నామినల్‌కి (శాతం కాకుండా నేరుగా ఇంత తేడా అని) మార్చి 0.005 పెట్టి, మార్కులు మళ్లీ లెక్కకట్టే రీగ్రేడ్ కొట్టాను. ముందు డ్రై రన్ (మార్కులు మార్చకుండా ఉత్తినే చూసుకోవడం) చేస్తే ఎవరెవరి మార్కులు మారతాయో చూపించింది. ఆ అమ్మాయితో పాటు నోరు విప్పని మరికొందరు బయటపడ్డారు. అందరికీ ఆ సాయంత్రమే మార్కులు వచ్చాయి. విలువల హద్దులు కూడా మార్చేశాను: మొదటి బ్యాటరీ 10 నుంచి 14, రెండోది 2 నుంచి 6. ఇక జవాబు సున్నా దాపులకి రాదు.

వరండా చర్చలు మొదటి రెండు బ్యాచ్‌లలో ఉన్నంతగా ఇప్పుడు లేవు. సీనియర్లు ఒక ఎక్సెల్ షీటు చేసి కిందివాళ్లకి ఇచ్చారు, నాలుగు అంకెలు వేస్తే కరెంటు వచ్చేస్తుంది. ఈమధ్య అదీ అక్కర్లేదు. స్క్రీన్‌షాట్ తీసి చాట్‌జీపీటీకి ఇస్తే చాలు, అంకెలు ఎన్నిసార్లు మార్చినా దానికి లెక్కలేదు. అందుకే క్విజ్‌కి మార్కులు బాగా తగ్గించి, ఎన్నిసార్లైనా రాసుకోనిస్తున్నాను, ప్రతిసారీ కొత్త అంకెలతో. చివర ఒక ఎస్సే ప్రశ్న పెట్టి, చేత్తో రాసిన లూప్ సమీకరణం ఫొటో ఎక్కించమంటున్నాను. ల్యాబ్‌లో ఆ కాగితం మీదే ఒక ప్రశ్న అడుగుతాను. తనే రాసినవాళ్లు చెప్పేస్తారు.

ఆ ఫొటోలు చూడటానికి నాకు ఒక సెక్షనే కాబట్టి తీరిక ఉంది. మూడు సెక్షన్లు ఉన్నవాళ్లని ఇలా చేయమని చెప్పలేను. థియరీ సబ్జెక్టు చెప్పేవాళ్లకి దీనితో పనే లేదు. లెక్కలున్న సబ్జెక్టయితే మూడు పేజీల మామూలు రకం జోలికి పోకుండా, అన్నీ ఒకే పేజీలో ఉండే 'క్యాలిక్యులేటెడ్ సింపుల్'తో మొదలుపెట్టండి. సెట్లు తయారయ్యాక అతి చిన్న జవాబు వచ్చిన సెట్ ఏదో వెతికి, దాని కింద ఉన్న హద్దులు చూశాకే క్విజ్ తెరవండి.