ఆదివారం కాల్‌కు నన్ను రానివ్వరు, అయినా నాలుగు స్టార్లు

మా బిడ్డకు టైప్-1 షుగర్, రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిందే. పదమూడో ఏట బయటపడింది, ఇప్పుడు హన్మకొండలో ఇంటర్ చదువుతోంది. ఇలాంటి పిల్లలే ఆదివారం సాయంత్రం గంటసేపు వీడియో కాల్‌లో మాట్లాడుకునే గ్రూపు ఉందని క్లినిక్‌లో నర్సు చెబితే నిరుడు చేర్పించాను. ఫీజు లేదు. షరతు ఒక్కటే, అమ్మానాన్నలు కాల్‌లో ఉండొద్దు. నాకది అస్సలు నచ్చలేదు. తలుపు దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను కూడా. నవ్వులు తప్ప ఏమీ వినపడలేదు.

నెల తిరగకముందే ఒకరోజు రాత్రి రెండింటికి చెమటలు పట్టి లేచింది. మీటర్‌లో 58, షుగర్ బాగా పడిపోయింది. ఎప్పటిలాగే ఫ్రిజ్‌లోంచి చాక్లెట్ తీశాను. "చాక్లెట్ వద్దమ్మా, అందులో కొవ్వు ఉంటది, షుగర్ లేటుగా ఎక్కుతది. గ్లూకోజ్ పొడి కలుపు" అంది, చేతులు వణుకుతూనే. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకు మళ్లీ వేలు గుచ్చి చూస్తే 84. డాక్టరమ్మ ఈ మాట మొదట్లోనే చెప్పే ఉంటుంది, ఆ రోజు ఏడుపులో నా చెవికెక్కలేదు. కరీంనగర్ పిల్ల ఎవరో తనకు జరిగింది చెబితే మాత్రం దీనికి గుర్తుండిపోయింది.

సూది కూడా అంతే. నొప్పి తెలియదని పొట్ట మీద ఒకే చోట పొడుచుకునేది. అక్కడ గడ్డ కట్టింది. గడ్డ ఉన్నచోట ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు. నేను వందసార్లు మొత్తుకున్నా వినలేదు. కాల్‌లో ఒక బాబు తన చేతి మీది గడ్డ చూపించాడట, మర్నాటి నుంచి తొడకోసారి, చేతికోసారి మారుస్తోంది.

ఆరింటి కాల్ ఆరున్నరకు గానీ మొదలవదు. హైదరాబాద్ పిల్లలు సగం ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. డోసు సంగతి డాక్టర్‌నే అడగమంటారు, అది మంచిదే. ఏదో ఆకు కషాయంతో ఇన్సులిన్ మానేయొచ్చని ఒకరు మెసేజ్ పెడితే వెంటనే తీసేశారు. టైప్-1లో ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది మరి. ఒక స్టార్ కోసింది వేరే దానికి. హెచ్‌బీఏ1సీ అని, మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, అందులో ఎవరికెంత వచ్చిందో అందరూ చెప్పుకుంటారు. ఎవరికో 7 అట, మాదానికి 9.2. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గ్రూపులోని పెద్ద పిల్లలైనా ఆపాల్సింది.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర తియ్యటి మలీద ముద్ద చేతిలోకి తీసుకుని, డోసు ఎంతో కాసేపు లెక్కేసుకుని, ఇన్సులిన్ పెన్ను తీసి జనం మధ్యలోనే వేసుకుంది. కాలేజీలో బాత్రూంలో దాక్కుని వేసుకునే పిల్ల! "అయ్యో బిడ్డా, ఈ వయసుకే షుగరా? స్వీట్లు బాగా తింటవా?" అంది పక్కింటామె. నేను నోరు తెరిచేలోపే, "స్వీట్లు తింటే వచ్చింది కాదాంటీ, నా ఒంట్ల ఇన్సులిన్ తయారుకాదు, అంతే" అని మలీద నోట్లో వేసుకుంది.