మెల్లగా పని చేయడమా, గేటు బయట సమ్మెనా: ఏది మేలు?

గుమ్మిడిపూండి లోకల్ రైలు ఎక్కితే సూళ్లూరుపేట, తడ వైపు నుంచి సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీలకు వచ్చే మన కుర్రాళ్లు ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తూనే ఉంటారు. "బాబాయ్, సమ్మెకు దిగితే జీతం పోతుంది కదా. లోపలే ఉండి పని మెల్లగా చేస్తే సరిపోదా?" రోజుకొకరికి చెప్పే బదులు ఒకసారి రాసిపెడుతున్నాను.

జీతం మాట నిజమే. సమ్మె చట్టబద్ధమూ న్యాయమూ అయినప్పుడే ఆ రోజుల జీతం అడగవచ్చని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. అది రుజువయ్యేసరికి పిల్లల బడి ఫీజు గడువు దాటిపోతుంది. మెల్లగా పని చేస్తే నెలాఖరుకు ఎంతో కొంత చేతికి వస్తుంది. గేటు దగ్గర పోలీసులుండరు. మన మిషన్ దగ్గర మనమే నిలబడి ఉంటాం కాబట్టి అక్కడికి ఇంకొకరిని తీసుకురాలేరు. ఇవి చిన్న లాభాలు కావు. అందుకే ఇరవై ఏళ్ల కిందట మేమూ ఆ దారే పట్టాం.

ఉత్తర చెన్నైలో విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ మాది. బోనస్ గొడవ. గంటకు 60 పీసులు వచ్చే లేత్ మీద 40 మాత్రమే తీయాలని అనుకున్నాం. ప్రతి మిషన్ పక్కనా ఒక నల్ల పలక ఉండేది. గంట గడవగానే సూపర్‌వైజర్ వచ్చి ఆపరేటర్ పేరుకు ఎదురుగా సుద్దముక్కతో అంకె వేసేవాడు. మొదటి రోజు అన్ని పలకల మీదా 40. రెండో రోజు ఒకచోట 45 కనిపించింది. తల్లికి ఆపరేషన్ పెట్టుకున్న కుర్రాడి పలక మీద 55. అతన్ని తప్పుపట్టడానికి ఎవరికి నోరు వస్తుంది? నాలుగో రోజు ఆ అంకెలన్నీ రిజిస్టరులోకి ఎక్కించి, అందరికంటే తక్కువ తీసిన ఐదుగురికి చార్జ్ షీట్లు ఇచ్చారు. వాటిలో బోనస్ మాటే లేదు. ఫలానా తేదీ, ఫలానా షిఫ్టు, ఇతను గంటకు తీసినవి 38 పీసులు. అంతే. ఎంక్వైరీలో జవాబు చెప్పుకోవలసింది అతనొక్కడే. ఆ ఐదుగురిలో ఇద్దరు మళ్లీ పనిలోకి రాలేదు.

అప్పటి నుంచి నేను చూసేది ఒక్కటే: దెబ్బ ఎవరి పేరు మీద పడుతుంది? మెల్లగా పని చేసినప్పుడు విడివిడిగా ఒక్కొక్కరి పేరు మీద పడుతుంది. సమ్మె నోటీసు మీద ఉండేది సంఘం పేరు. చట్టం చూపు కూడా ఇలాగే ఉంది. కావాలని పని తగ్గించడం పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ దాని స్థానంలో వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కార్మికుల అనుచిత చర్యల జాబితాలో ఉంది. నోటీసు ఇచ్చి, గడువు పాటించి చేసే సమ్మె ఆ జాబితాలో లేదు.

సమ్మె సులువని చెప్పను. 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చాక ఇంకా కష్టమైంది. ఇదివరకు ప్రజావసర సేవలకు మాత్రమే ఉన్న 14 రోజుల నోటీసు నిబంధన ఇప్పుడు ప్రతి ఫ్యాక్టరీకీ ఉంది. రాజీ చర్చలు నడుస్తున్నంత కాలమూ, ముగిశాక ఏడు రోజులూ గేటు దాటకూడదు. అంటే చర్చలు సాగదీస్తే సమ్మె తేదీ జరుగుతూనే ఉంటుంది. నా దృష్టిలో ఇది కార్మికుడికి అన్యాయమే. అయినా నా సలహా మారదు.

శ్రీపెరుంబుదూరు దగ్గరి సామ్‌సంగ్ ఫ్యాక్టరీ సమ్మెనే చూడండి. 2024 సెప్టెంబరు 9 నుంచి అక్టోబరు 15 వరకు, 37 రోజులు. ప్రధానంగా అడిగిన సంఘం గుర్తింపు ఆ రోజు చేతికి రాలేదు. సంఘం రిజిస్ట్రేషనే 2025 జనవరిలో వచ్చింది. కానీ సమ్మెలో పాల్గొన్నందుకు ఎవరినీ వేధించకూడదన్నది ఒప్పందంలో రాయించుకున్నారు. ఆ తర్వాత ఫిబ్రవరిలో ముగ్గురిని సస్పెండ్ చేస్తే వాళ్ల కోసం మిగతావాళ్లు ఫ్యాక్టరీలోనే బైఠాయించారు. మా ఐదుగురి కోసం అలా ఎవరూ కూర్చోలేదు. అప్పుడు మా దగ్గర ఉన్నవి పలకలే, సంఘం కాదు.

ఈ కిటుకు యాజమాన్యాలకూ తెలుసు. బెంగళూరు పక్కన బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలో 2014లోనూ 2020లోనూ లాకౌట్ ఎత్తివేస్తూ పెట్టిన షరతు గుర్తుందా? సత్ప్రవర్తన హామీ పత్రం మీద ఎవరికి వారు సంతకం చేసి లోపలికి రావాలి. అడిగింది సంఘం సంతకం కాదు.

మిగతావి రెండు మాటల్లో. అందరూ ఒకే రోజు సెలవు పెట్టడం వల్ల ఇప్పుడు ఉపయోగం లేదు, సగం మంది గానీ అంతకు మించి గానీ పెడితే కొత్త కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కగడుతుంది. టూల్ డౌన్, అంటే పనిముట్లు కింద పెట్టి పని ఆపేయడం, కూడా సమ్మె కిందికే వస్తుంది, షిఫ్టు అయ్యాక లోపలే కూర్చుంటే ఇంకో కేసు. ఘెరావ్ జోలికి పోవద్దు.

కాంట్రాక్ట్ కార్మికులు కలిసి రాకపోతే మాత్రం నోటీసు ఇవ్వకండి, ఆగండి. 1918లో దేశంలోనే మొదటి కార్మిక సంఘాల్లో ఒకటైన మద్రాస్ లేబర్ యూనియన్ ఇక్కడే, పెరంబూరు బి అండ్ సి (బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్) బట్టల మిల్లు కార్మికులతో పుట్టింది. అదే మిల్లులో 1921 సమ్మె నెలల తరబడి సాగి, కార్మికులు కులాల వారీగా చీలడంతో కూలిపోయింది. ఈనాటి చీలిక పర్మినెంట్‌కూ కాంట్రాక్ట్‌కూ మధ్య ఉంది.

మేము మూడేళ్ల తర్వాత సంఘం పెట్టుకుని నోటీసు ఇచ్చాం. అంతకు ముందు ఆరు నెలలు తలా వంద రూపాయలు వసూలు చేసి, ఇంటికి పది కిలోల బియ్యం లెక్కన కొని పెట్టాం. 19 రోజులు బయట ఉన్నాం. బోనస్ అడిగినంత రాలేదు. ఒప్పందంలో చివరి అంశంగా మాత్రం ఒకటి రాయించాం: పలక మీద మిషన్ నంబరు మాత్రమే ఉండాలి, మనిషి పేరు ఉండకూడదు.