డంపింగ్ యార్డు దగ్గరి బోరుకు ఫీల్డ్ టెస్ట్ కిట్ సరిపోతుందా?

పల్లెల్లో నీళ్ల పరీక్షకు వాడే తరహా కిట్ ఇది: డ్రాపర్ సీసాలు, రంగుల కార్డు, మల బ్యాక్టీరియా ఉంటే నల్లబడే హెచ్‌టూఎస్ సీసాలు, తోడుగా ఒక టీడీఎస్ పెన్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేసేది). మామూలు ఊరి బోరుకైతే వంక పెట్టడానికి లేదు. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ యార్డు చుట్టూ, దమ్మాయిగూడ, మల్కారం వైపు బోర్లకు మాత్రం ఇది చెప్పేదంతా ఉన్నదున్నట్టు నమ్మకూడదు. చెత్త గుట్ట మీద కప్పు వేసినా, అంతకుముందే నేలలోకి దిగిన చెత్త రసం అక్కడే ఉంటుంది.

పెట్టెలో గట్టి సరుకు క్లోరైడ్ పరీక్ష. పొటాషియం క్రోమేట్ కలిపిన పసుపు నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తూ పోతే రంగు ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. అప్పటిదాకా పడిన చుక్కల లెక్కే క్లోరైడ్. (సిల్వర్ నైట్రేట్ వేళ్లకు తగిలితే నల్ల మచ్చలు కొన్ని రోజులు పోవు.) క్లోరైడ్ మట్టికి అంటుకోదు, కుళ్లిపోదు, నీళ్లతో పాటే నడుస్తుంది, అందుకే చెత్త రసం జాడ దీంతో దొరుకుతుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి హద్దు లీటరుకు 250 మి.గ్రా., వేరే దిక్కు లేనప్పుడు 1000. సెప్టిక్ ట్యాంకు కూడా దీన్ని పెంచుతుంది కాబట్టి యార్డుకు ఎగువనున్న బోరు నీళ్లతో పోల్చాలి. పక్కింటి బోరు బాగుందంటే మనదీ బాగున్నట్టు కాదు. గ్రానైట్ రాయిలో నీళ్లు పగుళ్ల వెంటే పోతాయి.

ఇక మోసపోయే చోటు నైట్రేట్. కార్డు మీద రంగే రాకపోతే మంచి నీళ్లని సంబరపడతారు. చెత్త రసం చేరిన నీళ్లలో ఆక్సిజన్ ఉండదు, నత్రజని అమ్మోనియాగానే మిగిలిపోతుంది. అందుకే యార్డును ఆనుకున్న బోరులో నైట్రేట్ సున్నా చూపి, దూరపు బోరులో 45 మి.గ్రా. హద్దు దాటవచ్చు. అమ్మోనియా పరీక్ష కొన్ని కిట్లలో ఉండదు, అదే వాటి పెద్ద లోటు. అక్వేరియం షాపులో దొరికే అమ్మోనియా కిట్ కొని పక్కన పెట్టుకోండి, హద్దు 0.5 మి.గ్రా.

హెచ్‌టూఎస్ సీసా కూడా అంతే. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మల బ్యాక్టీరియా అనుమానం. నీళ్లు పోసిన నిమిషాల్లోనే నల్లబడితే అది నీళ్లలో ముందే ఉన్న సల్ఫైడ్ పని, బ్యాక్టీరియా సంగతి దాంతో తేలదు.

టీడీఎస్ పెన్ నీళ్లలోని సీసం (లెడ్) అనే లోహాన్ని పట్టుకోలేదు. సీసం హద్దు 0.01 మి.గ్రా.; దానికి వంద రెట్లున్నా పెన్ మీద ఒక్క అంకె కదలడం గగనం. పైగా పెన్ కొలిచేది వాహకత (నీళ్లలో కరెంటు పారే తీరు), దాన్ని ఒక గుణకంతో టీడీఎస్‌గా మార్చి చూపుతుంది; ఒకే నీటికి 0.5 గుణకం పెన్ 500 చూపితే, 0.7 పెన్ 700 చూపుతుంది. వాహకత 1413 మైక్రోసీమెన్స్‌గా తయారుచేసిన ద్రావణంలో ముంచి సరిచూసుకుని, వాహకత అంకెనే రాసిపెట్టుకోవడం మేలు.

లోహాలకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను పరీక్షించి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబే దిక్కు. మోటారు కనీసం పది నిమిషాలు నడిపి, ట్యాంకులోంచి కాకుండా బోరు దగ్గరే పట్టండి. లోహాలకు నైట్రిక్ ఆమ్లం వేసిన ప్లాస్టిక్ సీసా, బ్యాక్టీరియాకు స్టెరైల్ సీసా ల్యాబే ఇవ్వాలి. రెండోది ఐసు పెట్టెలో 24 గంటల్లోపు చేరాలి. పట్టినప్పుడు తేటగా ఉండి గంటల్లో ఎర్రబడే నీళ్లైతే ఇనుము కూడా అడగండి.

ఒక్క పరీక్షతో ఏదీ తేలదు. మే చివర ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో ఒకసారి, అదే బోరు, అదే పెన్.