సీఎంఎల్‌కు తొలి మాత్ర: ఇమాటినిబా, డాసాటినిబా, నిలోటినిబా?

సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ ఉందని రిపోర్టు వచ్చాక డాక్టరు రెండు మూడు మాత్రల పేర్లు చెబుతారు. ఇంట్లోవాళ్లు వెంటనే అడిగేది ఒకటే: "వీటిలో అన్నిటికన్నా పవర్‌ఫుల్ ఏది?" ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ముందు అడగాల్సింది అది కాదు. రోగికి ఇప్పటికే ఏ జబ్బులున్నాయి, ఏ మాత్రను ఏళ్ల తరబడి మానకుండా వేసుకోగలరు అన్నది ముందు చూడాలి.

ఈ జబ్బులో 9, 22 క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోట ఒకటి అతుక్కుని బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు పుడుతుంది. దాని నుంచి వచ్చే ప్రొటీన్ తెల్ల కణాలను అదుపు లేకుండా పెంచుతుంది. మూడు మాత్రలూ అడ్డుకునేది ఆ ప్రొటీన్‌నే.

ఇమాటినిబ్ 2001లో అమెరికాలో అనుమతి పొందింది. రోగులపై జరిపిన దాని ప్రధాన పరీక్షలో (క్లినికల్ ట్రయల్) చేరి ఈ మాత్రతో మొదలుపెట్టినవారిలో పదేళ్ల తర్వాత దాదాపు 83 శాతం మంది బతికి ఉన్నారు. పాతదైపోయిందని దీన్ని పక్కన పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. డాసాటినిబ్, నిలోటినిబ్ ఆ తర్వాత వచ్చాయి. ఇవి జబ్బును ఇంకా త్వరగా, ఇంకా లోతుగా అణుస్తాయి. డాసాటినిబ్‌ను ఇమాటినిబ్‌తో పోల్చిన పరీక్షలో ఐదేళ్లలో రక్తపరీక్షలో బీసీఆర్-ఏబీఎల్ స్థాయి 0.1 శాతానికి పడిపోయినవారు 76 శాతం, ఇమాటినిబ్ వైపు 64 శాతం. జబ్బు ముదిరినవారు కూడా కొత్త మాత్ర వైపే తక్కువ. అయితే ఐదేళ్లకు బతికి ఉన్నవారు 91 శాతం, 90 శాతం. అంటే ప్రాణం దగ్గరికి వచ్చేసరికి తేడా దాదాపు లేదు.

అసలు తేడా దుష్ఫలితాల్లో ఉంది. ఇమాటినిబ్‌తో కళ్ల చుట్టూ ఉబ్బు, పిక్కలు పట్టేయడం, వికారం, విరేచనాలు వస్తుంటాయి. ఇవి విసిగిస్తాయి, కానీ ప్రాణం మీదికి తెచ్చేవి అరుదు. డాసాటినిబ్‌తో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరొచ్చు. పైన చెప్పిన పరీక్షలోనే ఐదేళ్లలో 28 శాతం మందికి ఇలా జరిగింది. కొత్తగా ఆయాసం, పొడి దగ్గు మొదలైతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. నిలోటినిబ్ షుగరును, కొలెస్టరాల్‌ను పెంచొచ్చు, రక్తనాళాలు మూసుకుపోయే ముప్పూ ఉంది. అందుకే గుండెజబ్బు, అదుపులో లేని షుగరు ఉన్నవారికి నిలోటినిబ్ వద్దనే నేనంటాను. ఊపిరితిత్తుల సమస్య ఉన్నవారికి డాసాటినిబ్ మంచిది కాదు.

వేసుకునే పద్ధతిని చాలామంది చిన్న విషయం అనుకుంటారు. ఇమాటినిబ్‌ను తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. డాసాటినిబ్ తిన్నా తినకపోయినా రోజుకోసారి, కానీ గ్యాస్ మాత్రలు దాని పనిని దెబ్బతీస్తాయి. మామూలుగా వాడే నిలోటినిబ్ క్యాప్సూల్ రోజుకు రెండుసార్లు, తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి, వేసుకున్నాక మరో గంట ఏమీ తినకూడదు. వేళకు తిండి కుదరని పనుల్లో ఉన్నవారికి ఇది నిజంగా కష్టం. డోసులు తప్పితే ఎంత మంచి మాత్రయినా జబ్బును పట్టి ఉంచలేదు.

వయసు పైబడి, వేరే జబ్బులుండి, సీఎంఎల్ ముదిరే ముప్పు తక్కువ అని తేలినవారికి నా ఓటు ఇమాటినిబ్‌కే. చవకైన జెనెరిక్ రూపంలో దొరకడం కూడా చిన్న మేలేం కాదు. ముప్పు ఎక్కువని తేలినవారికి, ఎప్పటికైనా మాత్ర ఆపాలనుకునే చిన్న వయసువారికి, ముఖ్యంగా పిల్లల్ని కనాలనుకునే స్త్రీలకు కొత్త మాత్ర మేలు. గర్భంతో ఉండగా ఈ మందులు వాడకూడదు కాబట్టి, త్వరగా లోతైన ఫలితం రావడం వాళ్లకు చాలా అవసరం. కొన్నేళ్లు జబ్బు లోతుగా అణిగి ఉన్నవారు డాక్టరు పర్యవేక్షణలో మాత్ర ఆపితే, సుమారు సగం మందికి జబ్బు తిరిగి రాదు. వచ్చేవారికి ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది, మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ అదుపులోకి వస్తుంది.

ఏది ఎంచుకున్నా బీసీఆర్-ఏబీఎల్ మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. దిగకపోతే ముందు డోసులు తప్పాయా అని చూసి, ఆపైన ఆ జన్యువులో మార్పులు వచ్చాయేమో చూసే మ్యుటేషన్ పరీక్ష చేయించాలి. అందులో టీ315ఐ అనే మార్పు కనిపిస్తే ఈ మూడూ పనిచేయవు, పోనాటినిబ్ లేదా అసిమినిబ్ అనే వేరే మాత్రల గురించి డాక్టరుతో మాట్లాడాలి.