పాత సిస్కో 3560 స్విచ్: వీఆర్ఎఫ్ కోసం కొనొచ్చా?

వైజాగ్ సిరిపురంలో ఒకే ఫ్లోర్‌లో ఉన్న రెండు చిన్న కంపెనీల నెట్‌వర్క్ నేనే చూస్తాను. ఇద్దరి ఐపీ అడ్రసులూ ఒకటే, 192.168.1.0 నెట్‌వర్కే, మార్చుకోమంటే ఇద్దరూ ఒప్పుకోరు, చెరో స్విచ్ కొనమంటే అసలే ఒప్పుకోరు. అందుకని సెకండ్ హ్యాండ్‌లో సిస్కో కాటలిస్ట్ 3560 తెప్పించాం, అచ్చంగా వీఆర్ఎఫ్ కోసమే, అంటే ఒకే స్విచ్‌లో వేర్వేరు రౌటింగ్ టేబుళ్లు (ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పే దారుల పట్టికలు) నడపడం కోసం.

వీలాన్లు (ఒకే స్విచ్‌ పోర్టుల్ని విడివిడి నెట్‌వర్కులుగా పంచడం) వేస్తే పోదా అంటారు. పోదండీ! వీలాన్ విడదీసేది లేయర్ టూ వరకే, అంటే ఐపీ కంటే కింది మెట్టులోనే, రెండు వీలాన్లకీ ఐపీ ఇచ్చి రౌటింగ్ ఆన్ చేశామంటే ఇక్కడి ట్రాఫిక్ అక్కడికి వెళ్లిపోతుంది, పైగా ఒకే సబ్‌నెట్‌ని (ఐపీ అడ్రసుల గుంపుని) రెండు చోట్ల పెట్టబోతే ఓవర్‌ల్యాప్ అని స్విచ్ ఒప్పుకోదు. వీఆర్ఎఫ్ పెడితే ఎవరి రౌటింగ్ టేబుల్ వాళ్లది. ప్యాకెట్ రాగానే అది ఏ ఇంటర్‌ఫేస్‌లోంచి వచ్చిందో చూసి, ఆ ఇంటర్‌ఫేస్ ఏ వీఆర్ఎఫ్‌లో ఉంటే ఆ టేబుల్లోనే దారి వెతుకుతుంది. రెండు అపార్ట్‌మెంట్లలోనూ 101 ఫ్లాట్ ఉన్నా, కొరియర్ అబ్బాయి ఏ గేటులోంచి వస్తే ఆ 101కే వెళ్తాడు కదా, అంతే. డిఫాల్ట్ రూటు (బయటికి పోయే దారి) కూడా ఎవరిది వాళ్లకే కాబట్టి ఎవరి బ్రాడ్‌బ్యాండ్ లైన్ మీద వాళ్లు బయటికి పోతున్నారు, ఒకరి లైన్ పడిపోయినా రెండోవాళ్లకి తెలియనే తెలియదు.

చేసే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇంటర్‌ఫేస్ మీద 'ఐపీ వీఆర్ఎఫ్ ఫార్వర్డింగ్' కొట్టగానే దాని మీదున్న ఐపీ ఎగిరిపోతుంది, మళ్లీ ఇవ్వాలి. ఆఫీసు టైములో రిమోట్‌గా మాత్రం చేయకండి. పింగ్ చేసినా వీఆర్ఎఫ్ పేరు చెప్పాలి, లేకపోతే ఏ వీఆర్ఎఫ్‌కీ చెందని గ్లోబల్ టేబుల్లో వెతికి రిప్లై రావట్లేదంటుంది.

26 వీఆర్ఎఫ్‌ల దాకా తీసుకుంటుంది, మనకి రెండు చాలు. హార్డ్‌వేర్‌లో రూట్ల చోటు మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే. ఇక మా వాళ్లకి కామన్ ప్రింటర్ కావాలన్నారు, అది కుదరదు. రూట్లు లీక్ చేసినా (ఒక టేబుల్లోని దారిని రెండోదానికీ చూపించినా) అటూ ఇటూ అడ్రసులు ఒకటే అయినప్పుడు రిప్లై ఎవరికి పంపాలి? నాట్ (దారిలో అడ్రసులు మార్చి పంపడం) కావాలి, ఈ స్విచ్‌లో నాట్ లేదు. వీఆర్ఎఫ్‌ని ఫైర్‌వాల్ అనీ అనుకోవద్దు, ఒకే వీఆర్ఎఫ్‌లోని గెస్ట్ వైఫైని స్టాఫ్ సిస్టమ్స్ దగ్గరికి రానివ్వకూడదంటే ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ని పోనివ్వాలో, ఏది ఆపాలో చెప్పే రూల్స్) రాయాల్సిందే.

అమ్మిన షాపు మీదే నా కోపం. స్విచ్ సాఫ్ట్‌వేర్‌లో పై రకమైన ఐపీ సర్వీసెస్ ఉందని చెప్పి కింది రకం ఐపీ బేస్ ఉన్న పీస్ అంటగట్టారు, అందులో వీఆర్ఎఫ్ రాదు. గట్టిగా అడిగితే మార్చి ఇచ్చారు గానీ, రెండోది మూత తీస్తే లోపల ఉప్పుగాలికి స్క్రూలన్నీ తుప్పే, బీచ్ పక్క బిల్డింగ్‌లోంచి పీకుకొచ్చినట్టున్నారు. కాబట్టి కొనేముందు అక్కడే కన్సోల్ పెట్టించి 'షో వెర్షన్' కొట్టి ఏ సాఫ్ట్‌వేర్ ఉందో చూడండి. కంపెనీ సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయిన మోడల్, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, మేనేజ్‌మెంట్ ఐపీని ఇంటర్నెట్ వైపు అస్సలు తెరవకండి. స్విచ్‌కి నాలుగు స్టార్లు, షాపుకి ఒకటి.